రెండో వైపు చివర

కిందటి వారం పిచ్చుకను మనం రికార్డుల కొట్టు గుమ్మంలో వదిలేసి వచ్చాం. చంకలో నాలుగో ఆల్బమ్, నాలుక చివర ఒక అబద్ధం. ఆ రెండూ పట్టుకుని లోపలికి వెళ్లాలా, వచ్చిన దారినే ఇంటికి పోవాలా అని ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది.

పిచ్చుక ఆమె అసలు పేరేమీ కాదు. కొట్టు బాబాయ్ పెట్టిన పేరు. తాళాలు బాగుచేసే ఆయన కూతురు, పదహారేళ్ల పిల్ల, నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పడతాయి. సెలవుల మొదట్లో ఒకసారి వాన పడితే ఆ కొట్టు చూరు కింద నిలబడింది. వాన ఆగిపోయింది గానీ లోపల మోగుతున్న పాట ఆగలేదు. అది అయిపోయేదాకా పిచ్చుక కూడా కదల్లేదు. ఆఖరికి తలుపు సందులోంచి మొహం పెట్టి, "ఇదేం పాట, ఇంత పొడుగుంది?" అని అడిగింది. ఆ ఒక్క మాటకి బాబాయ్ మొహం చేటంత అయింది.

"ప్రోగ్రెసివ్ రాక్ అంటారమ్మా దీన్ని. మామూలు పాట నిన్ను ఇంటి గుమ్మంలో దింపుతుంది. ఇది ఊరి బయట దింపేసి నడిచి రమ్మంటుంది. నడుస్తావా?"

నడుస్తానంది. ఆ రోజే ఆయన బాగుచేసిన పాత రికార్డు ప్లేయరు ఒకటి చేతిలో పెట్టి, మొదటి ఆల్బమ్ ఇచ్చి పంపాడు. ఆయన పద్ధతి ఒకటుంది. ఒకసారికి ఒక్క ఆల్బమే. విన్నాక వచ్చి ఎక్కడ ఏం వినిపించిందో, ఎక్కడ ఒళ్లు జలదరించిందో, ఎక్కడ విసుగు పుట్టిందో చెప్పాలి. ఆ చెప్పినదాన్ని బట్టే తర్వాతి ఆల్బమ్. నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి కాను నేను, అంటాడు.

నాలుగో ఆల్బమ్ దగ్గర వచ్చింది చిక్కు. అట్ట మీద నీళ్లలోకి దిగిపోతున్న మెట్లు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఏ భాగంలో ఏ వాయిద్యమో రాసి ఉంది. రెండో వైపు చివర గాజు గంటలు, చిన్న ఫ్లూటు. పిచ్చుక ఆ చివరి భాగం మళ్లీ మళ్లీ పెట్టుకుని వింది. ఆర్గాన్ మెల్లగా తగ్గిపోతుంది. తర్వాత ఏమీ లేదు. సూది కింద రికార్డు తిరుగుతున్న గుర్రు మాత్రమే. చాలాసేపటికి డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. గంటలు లేవు, ఫ్లూటూ లేదు. రికార్డు అరిగిపోయిందేమో అనుకుంది మొదట. తర్వాత సూది పాడయిందేమో అనుకుంది. మూడో మాట అనుకోవడానికి ధైర్యం చాలక అక్కడితో ఆపేసింది.

ఆ మూడో మాట వాళ్లింట్లోనే, వెనక గదిలో ఉంటుంది. నాన్నకు అక్క, పిచ్చుకకు మేనత్త. పిచ్చుక వయసులోనే ఆవిడకు వినికిడి తగ్గడం మొదలైందట. ముప్పై నిండకుండా మొత్తం పోయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. అందరూ కూర్చుని నవ్వుతుంటే ఆవిడా నవ్వుతుంది, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం కంటపడినప్పుడల్లా పిచ్చుక చూపు తిప్పేసుకుంటుంది.

అందుకే ఈ అబద్ధం. గంటలు విన్నాను, చాలా బావున్నాయి అనేస్తే సరి. బాబాయ్ అయిదో ఆల్బమ్ ఇస్తాడు. అంతా ఎప్పటిలాగే ఉంటుంది.

"ఏంటే, కొట్టుకి కాపలా పెట్టానా నిన్ను? లోపలికి రా!" అని కేకేశాడు బాబాయ్.

వచ్చింది. ఆ కొట్టు ఒకటే గది, కాపురాలు రెండు. ఎడమవైపు అరల నిండా రికార్డులు, విప్పి పడేసిన ప్లేయర్లు, టంకం వాసన. కుడివైపు ఆయన భార్య, పిన్ని. ఆవిడ కుట్టుమిషను, గుడ్డ పీలికలు, మెడలో టేపు. మధ్యలో గోడ లేదు గానీ ఇద్దరూ ఒకరి సామాను ఇంకొకరి వైపు రానివ్వరు.

"పాపం, దాన్ని కాసేపు కూర్చోనివ్వండి," అంది పిన్ని మిషను ఆపకుండానే. "మీ ప్రశ్నలకి భయపడే పిల్లలు ఈ కొట్టు మొహం చూడటం మానేశారు. పాట వినమనడం, పరీక్ష పెట్టడం!"

"పరీక్ష కాదే, ముచ్చట."

"ముచ్చటే! నేను చొక్కాకి కాలరు కుట్టి, చేతులు తగిలించి, బొత్తాలు వేసేలోగా మీ పాటగాడు ఇంకా నోరు తెరవడు. జీతం దేనికిస్తారో వాడికి."

"వాడు తొందరపడడు. నీలా కాదు."

మామూలుగా అయితే పిచ్చుక ఈ గొడవకి మూతి మూసుకుని నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. పిన్ని మాట్లాడినప్పుడు పిన్ని మొహం, బాబాయ్ మాట్లాడినప్పుడు బాబాయ్ మొహం, తల అటూ ఇటూ తిప్పుతూ చూస్తోంది. తను అలా చూస్తోందని ఆమెకే తెలియదు.

బాబాయ్ ఆల్బమ్ అందుకుని అట్ట మీద దుమ్ము లేకపోయినా చొక్కా అంచుతో తుడిచాడు.

"చెప్పు. మొదటి వైపు?"

"బావుంది బాబాయ్. బేస్ గిటారు ముందు ఒక్కటే నడుస్తుంది చూడండి, చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్తున్నట్టు. తర్వాత డ్రమ్స్ వచ్చి దాన్ని పట్టుకుంటాయి. నా కాలు తాళం వేయబోతే ప్రతిసారీ ఒకటి తక్కువొచ్చింది."

"ఏడు! ఏడు దెబ్బల తాళం అది. నీ కాలు ఎనిమిదో దెబ్బ కోసం వెతుక్కుంటోంది." బాబాయ్ కళ్లు మెరిశాయి. "నేను ముందే అన్నానా లేదా? నువ్వు బేస్ పిల్లవే. మొదటి ఆల్బమ్, అట్ట మీద దీపం బొమ్మది, అందులోనూ నీకు కింద నడిచే గిటారే పట్టుకుంది. పడవ బొమ్మదాంట్లో ఫ్లూటు గురించి అడిగితే గుర్తులేదన్నావు. సరే, ఫ్లూటు ఈ పిల్లకి ఎక్కదు అనుకుని కుర్చీ బొమ్మది ఇచ్చా. అది నీకు తెగ నచ్చింది. ఇంతకీ, రెండో వైపు చివర?"

పిచ్చుక అట్ట మీది మెట్లకేసి చూసింది.

"గంటలు బావున్నాయి."

"ముందు గంటలా, ముందు ఫ్లూటా?"

ఇది ఆమె అనుకోలేదు. అట్ట మీద ఏది ముందు రాసి ఉందో గుర్తు తెచ్చుకుంది. "గంటలు."

"రెండూ కలిసే వస్తాయి కదే! ఒకదాని తోక ఒకటి పట్టుకుని." ఆయన నవ్వాడు. కోపం లేదు, అనుమానమూ లేదు. "నిద్రపోయావు కదూ? ఫరవాలేదు. నేనూ మొదటిసారి అక్కడే నిద్రపోయా. ఇప్పుడు విందువుగాని రా."

వద్దు బాబాయ్ అందామనుకుంది. ఇంట్లో పనుంది అందామనుకుంది. అప్పటికే రికార్డు తిరుగుతోంది. బాబాయ్ కొత్త సూది బిగించాడు. "ఈ సూది అయితే దోమ రెక్క చప్పుడు కూడా పట్టేస్తుంది," అన్నాడు. పెద్ద స్పీకర్లు రెండూ పిచ్చుక వైపు తిప్పాడు. రికార్డు మీద చివరి వెడల్పు గీత చూసుకుని సూది దించాడు.

ఆర్గాన్ వచ్చింది. అది తెలుసు. అరల మీద ఉన్న సీసాల వరకూ వణికించే ఆర్గాన్. అది మెల్లగా పలచబడి, పలచబడి, పోయింది.

ఇక గది నిశ్శబ్దం.

కాదు. నిశ్శబ్దం పిచ్చుకకు మాత్రమే. ఎందుకంటే ఆ క్షణంలోనే పిన్ని మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. పాటంటే వెక్కిరించే పిన్ని, దారం నోట్లో పట్టుకునే తల ఎత్తి, కళ్లు అరమూసి వింటోంది. బాబాయ్ వేళ్లు గాలిలో మెల్లగా ఏదో లెక్క పెడుతున్నాయి. ఏదీ? ఎక్కడ? పిచ్చుక ఊపిరి బిగబట్టింది. చెవులు రిక్కించింది. ఒక అడుగు స్పీకరు దగ్గరికి వేసింది. తన రక్తం చెవుల్లో హోరెత్తుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇద్దరు మనుషులు ఆమె కళ్లెదుటే ఒక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నట్టయింది. తను బయట ఉండిపోయింది.

"ఎంత బావుందండీ," అంది పిన్ని దారం నోట్లోంచి తీసి. "ఇన్నేళ్లూ ఇది ఎప్పుడూ వినిపించలేదే మీరు?"

"నువ్వెప్పుడు మిషను ఆపావు గనక!"

పిచ్చుక కూడా తల ఊపింది. పిన్ని లాగే కళ్లు అరమూసింది. వీళ్లు నవ్వితే నవ్వాలి, వీళ్లు ఊపితే ఊపాలి, అంతే. బాబాయ్ వీపు ఆమె వైపు ఉంది, ప్లేయరు మీదకి వంగి ఏదో చేస్తున్నాడు. ఇప్పుడు తనూ ఏదో ఒకటి అనాలి, లేకపోతే బాగోదు.

"ఇప్పుడు బాగా తెలుస్తోంది బాబాయ్," అంది. "గంటలు ఎంత సన్నగా ఉన్నాయో! వాటి వెనకాలే ఫ్లూటు."

బాబాయ్ వీపు కదలడం మానేసింది.

ఆయన ఇటు తిరిగాడు. ఒక చేతిలో మెత్తటి బ్రష్షు. ఇంకో చేత్తో సూది పట్టుకునే ఇనప చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. దుమ్ము పట్టిందని తుడవడానికి ఎప్పుడో ఎత్తేశాడు. కింద రికార్డు ఊరికే తిరుగుతోంది.

పిచ్చుక బాబాయ్ చేతిని చూసింది, సూదిని చూసింది. గబుక్కున బల్ల అంచు పట్టుకుంది.

"నీకు నచ్చలేదు అనుకున్నానే," అన్నాడు బాబాయ్. ఆయన గొంతు అంత చిన్నది కావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "ఫ్లూటు నచ్చదు, గంటలు నచ్చవు, సన్నటివేవీ నచ్చవు, బేస్ పిల్ల అనుకుని... లావు పాటలు ఏరి ఏరి ఇచ్చుకుంటూ పోయా. పడవ బొమ్మదాంట్లో ఒక వైపు సగం ఫ్లూటే. అదేదీ నీకు వినిపించలేదా?"

"అలా ఏం లేదు బాబాయ్. కొంచెం జలుబు."

"జలుబు సెలవుల మొదట్నుంచీ ఉందా?"

ఒక్కసారిగా అన్నీ వచ్చి మీద పడ్డాయి. కుళాయి కట్టేయకుండా వచ్చేస్తోందని అమ్మ రోజూ తిట్టడం. నీళ్లు పోతున్న చప్పుడే లేదు కదా అని తను ఆశ్చర్యపోవడం. నాన్న ఒక తాళం కప్పని తన చెవికి ఆనించి, లోపల ముల్లు టక్కున ఎప్పుడు పడిందో చెప్పమంటే, ఎంతకీ పడలేదని తను ఎదురుచూడటం. "ధ్యాస లేదే నీకు" అని నాన్న విసుక్కోవడం. ధ్యాసే లేదనుకుంది తనూ.

పిన్ని లేచి వచ్చి ఆ పిల్ల తలని పొట్టకి అదుముకుంది. గుడ్డల వాసన, సుద్ద వాసన. అప్పుడొచ్చింది ఏడుపు.

"ఇంట్లో చెప్పకండి. పిన్నీ, చెప్పకండి. మా అత్తకీ ఇలాగే..." మాట పూర్తి కాలేదు.

"చెప్పకపోతే ఎలాగే? డాక్టరుకి చూపించొద్దూ?"

"చూపిస్తే ఏమవుతుంది? అత్తకి చూపించలేదా?" అని తల పైకెత్తి బాబాయ్‌ని చూసింది. ఆ తర్వాత ఆమె అడిగినది వినడానికి ఆయన కూడా సిద్ధంగా లేడు. "బాబాయ్, సన్నటివి ముందు పోతాయి కదా? అయితే అవే ముందు ఇవ్వండి. ఫ్లూటువి, వయొలిన్‌వి, గంటలవి, గట్టిగా పెట్టుకుంటే ఇంకా వినిపించేవి ఏమైనా ఉంటే అవన్నీ ఇచ్చేయండి. తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత అని వద్దు. పోయేవి ముందు. బేస్ తర్వాతైనా వినొచ్చు."

బాబాయ్ అరల వైపు చూశాడు. చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచి, ఒక ఆల్బమ్ సగం బయటికి లాగింది. అక్కడే ఆగింది. మళ్లీ లోపలికి తోసేశాడు.

"ఇవ్వను."

"బాబాయ్!"

"గట్టిగా పెట్టుకుంటానన్నావు చూడు, అందుకే ఇవ్వను. ఏం చెడుతోందో, దేని వల్ల చెడుతోందో తెలియకుండా నేనింక ఒక్క పాట కూడా ఇవ్వను. నా తెలివితేటలు చాలు, ఇంతవరకూ చూశాంగా." ఆయన బ్రష్షు బల్ల మీద పడేశాడు. "ఇవాళ నువ్వు చెప్పు మీ నాన్నకి. రేపు పొద్దున్న కొట్టు తెరిచేముందు నేను వస్తా మీ ఇంటికి. నువ్వు చెప్పి ఉంటే పలకరించి పోతా. చెప్పకపోతే నేనే చెప్తా."

"ఏడుస్తున్న పిల్లతోనా అలా?" అని పిన్ని టేపు తీసి ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. అయినా తన మాట కూడా అదే అన్నట్టు పిచ్చుక మొహం తుడిచి, గుమ్మం దాకా వచ్చి దిగబెట్టింది.

ఇంటికి దారి పొడవునా పిచ్చుక వీధిని వింటూ నడిచింది. లారీ వినిపించింది. ఎవరో ఇనప తలుపు దించడం వినిపించింది. సైకిలు మాత్రం పక్కనుంచి దూసుకుపోయాక గానీ తెలియలేదు. ఆ కుర్రవాడు వెనక్కి తిరిగి నోరు పారేసుకున్నాడు. బహుశా బెల్లు కొట్టే ఉంటాడు. ఇంతకుముందు ఎన్ని సైకిళ్లు ఇలా పోయాయో! వింటున్నానని అనుకున్నదాంట్లో ఎంత విన్నదో, ఎంత ఊహించుకున్నదో? అబద్ధమే చెప్తాను, నాన్నకి ఇవాళ చెప్పను, రేపు కూడా ఎలాగోలా బాబాయ్ కాళ్లు పట్టుకుని ఆపుతాను అనుకుంటూ ఇల్లు చేరింది.

ముందు గదిలో నాన్న పని బల్ల దగ్గర కూర్చుని, పట్టకారులో బిగించిన తాళంచెవిని ఆకురాయితో రుద్దుతున్నాడు. అమ్మ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఎదురుగా ముక్కాలిపీట మీద అత్త, ఒళ్లో పళ్లెం పెట్టుకుని పాత తాళంచెవులు సైజుల వారీగా ఏరుతోంది. నాన్న కాళ్ల దగ్గర నేల మీద రికార్డు ప్లేయరు ఉంది. దానికి అడ్డంగా, నిలువుగా తాడు కట్టి ఉంది.

"వచ్చావా?" నాన్న తలెత్తాడు. "పొద్దున నువ్వు బయల్దేరేటప్పుడు ఎన్ని కేకలేశానో తెలుసా? వీధి చివర బడ్డీవాడు కూడా తొంగిచూశాడు, నువ్వు తప్ప. పిలిస్తే పలకవు, చెబితే వినవు. ఈ డబ్బా ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ ఇదే వరస. ఈ చేతిలో పని కాగానే పట్టుకెళ్లి ఆ పొడుగు పాటలాయనకి అప్పజెప్పి వస్తా."

"నాన్నా, వద్దు..."

"అయితే కారణం చెప్పు. ఎందుకు పలకవు? పొగరా? పరధ్యానమా?"

కారణం నోటి దాకా వచ్చింది. చెప్తే ఆ డబ్బా వల్లే చెవులు పోయాయంటాడు. చెప్పకపోతే పొగరంటాడు. పొగరే నయం. పిచ్చుక తలవంచుకుంది.

అత్త తాళంచెవులు ఏరడం ఆపి ఆ పిల్లకేసే చూస్తోంది. చెయ్యెత్తి చిన్నగా ఊపింది. పిచ్చుక తలెత్తి అటు చూసింది.

"బళ్లో ముందు బెంచీలోకి మారావా?" అంది అత్త.

"ఊఁ, పరీక్షలప్పుడే మారాను అత్తా," అంది పిచ్చుక.

ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

"ఎవరితోనే?" అన్నాడు నాన్న.

"అత్తతో. ముందు బెంచీలోకి మారావా అని అడిగింది కదా."

"అత్త ఏమీ అడగలేదు." నాన్న అటు చూశాడు, ఇటు చూశాడు. "నేనిక్కడే కూర్చున్నాను. తాళంలో ముల్లు కదిలితే పట్టే చెవులు నావి. ఆ పీట దగ్గర్నుంచి ఒక్క చప్పుడు రాలేదు."

"గొంతు కలపలేదురా నేను," అంది అత్త, ఎత్తుపల్లాలు లేని తన గొంతుతో. "పెదాలే కదిపాను. కొన్నాళ్లుగా చూస్తున్నా దీన్ని. మనుషుల కళ్లకేసి చూడటం మానేసి మూతులకేసి చూస్తోంది. నేనూ ఇలాగే మొదలెట్టా. నాకైతే అప్పుడు కనిపెట్టి అడిగేవాళ్లు లేరు."

నాన్న చేతిలోంచి ఆకురాయి బల్ల మీదకి జారింది. కోప్పడతాడని పిచ్చుక భుజాలు ముడుచుకుంది. కోప్పడలేదు. అదే ఇంకా భయం వేసింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. కూతురి మొహం చూడబోయి, చూడలేక, తాళాలు వేలాడే గోడ వైపు తిరిగిపోయాడు. వెనకనుంచి ఆయన దవడ కదలడం కనిపించింది. ఏదో అంటున్నాడు. గుసగుసగా అంటున్నాడేమో. పిచ్చుకకు ఒక్క అక్షరం అందలేదు.

కానీ పీట మీద అత్తకి పక్కనుంచి ఆయన మొహం కనిపిస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ మొహం రంగు మారిపోయింది. ఒళ్లో పళ్లెం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నాన్న ఏమన్నాడు అత్తా?" పిచ్చుక అత్త చెయ్యి పట్టుకుని ఊపింది. "ఏమన్నాడు?"

"నువ్వు పుట్టినప్పుడే నీ చెవుల సంగతి డాక్టరు చెప్పాడు, అంటున్నాడు," అంది అత్త.

నాన్న వీపు బిగుసుకుపోయింది. అత్త తమ్ముడి మీంచి చూపు తీయకుండా, మేనకోడలి చెయ్యి వదలకుండా, ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ డాక్టరు ఇంకా ఏం చెప్పాడో అది ఇటు తిరిగి చెప్పరా. మా ఇద్దరికీ కనబడేట్టు."